ఉండుండి తెగిపోయే సర్వర్ కనెక్షన్

ఆఫీసులోని కంప్యూటర్లకూ అదే కప్పు కింద ఉన్న సర్వర్‌కూ మధ్య కనెక్షన్ కాసేపు తెగి, మళ్లీ దానంతటదే అతుక్కునే లోపం ఇది. పనిచేసేవాళ్లు దీన్ని రకరకాలుగా చెబుతారు: "సర్వర్ పోయింది", "నెట్‌వర్క్ కట్ అవుతోంది", "సిస్టమ్ స్ట్రక్ అయింది", "జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు వచ్చింది". ఈ నాలుగు మాటల వెనక నాలుగు వేర్వేరు లోపాలు ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. ఇంటర్నెట్ పోవడంతో దీన్ని కలపకూడదు. బయటి లైను తెగిపోయినా లోపలి సర్వర్ పనిచేయాలి, చాలాసార్లు చేస్తుంది కూడా.

పూర్తిగా తెగిన కేబుల్‌ను కనిపెట్టడం పది నిమిషాల పని. ఉండుండి తెగేదాన్ని పట్టుకోవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. మనిషి వచ్చి చూసే వేళకు అంతా బాగానే ఉంటుంది. డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం దిగిపోయే రోగి లాంటిది ఇది. అయితే ఈ లోపం కాలంతో ముడిపడి ఉంది కాబట్టి కాలమే దానికి మొదటి సాక్షి. ఎంతసేపు తెగింది, ఎన్నాళ్లకోసారి తెగుతోంది, ఏ వేళకు తెగుతోంది అన్న మూడు లెక్కలు దొరికితే, స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే అనుమానితుల జాబితా సగానికి సగం తగ్గిపోతుంది. రెండు సెకన్ల తెగుడుకూ అర నిమిషం తెగుడుకూ పావుగంట తెగుడుకూ కారణాలు సాధారణంగా ఒకటి కావు.

తీగ మారితే ఆనవాలు మారింది

ఆఫీసు నెట్‌వర్కులకు ఆధారమైన ఈథర్‌నెట్ 1973లో అమెరికాలో, జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పుట్టింది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాన్ని రూపొందించారు. పదేళ్ల తర్వాత, 1983లో, ఐఈఈఈ దాన్ని 802.3 అనే ప్రమాణంగా ఖాయం చేసింది. ఆ రోజుల్లో కంప్యూటర్లన్నిటినీ కలుపుతూ ఒకే కోయాక్సియల్ కేబుల్ దండలో దారంలా సాగేది. సన్న కేబుల్ రకంలో ఒక్కో వరుస 185 మీటర్ల దాకా పోవచ్చు, రెండు కొసలా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి. ఎవరి బల్ల వెనకో ఒక టీ కనెక్టర్ వదులైతే ఆ వరుసలో అందరికీ ఒకేసారి తెగేది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలంటే బల్లబల్లకీ వంగి చూడాల్సిందే.

1990లో వచ్చిన 10బేస్-టి ప్రమాణంతో ఒక్కో బల్లకూ విడిగా మెలితిప్పిన జంటల తీగ, మధ్యలో ఒక హబ్, తర్వాత్తర్వాత స్విచ్ వచ్చాయి. లోపం వెతికేవాడికి ఇది పెద్ద మేలు చేసింది. ఎవరికి తెగుతోందో చూస్తే ఎక్కడ తెగుతోందో సగం తెలిసిపోతుంది. ఒక్కరికే తెగితే వాళ్ల కేబుల్, వాళ్ల నెట్‌వర్క్ కార్డు, స్విచ్‌లో వాళ్ల పోర్టు చూడాలి. ఒక గదిలో అందరికీ తెగితే ఆ గది స్విచ్‌నూ, అక్కడి నుంచి మెయిన్ స్విచ్‌కు పోయే తీగనూ అనుమానించాలి. ఆఫీసంతటికీ తెగితే సర్వర్, దాని కేబుల్, మెయిన్ స్విచ్. అందరికీ అన్నీ బాగుండి ఒక్క ప్రోగ్రామే ఆగుతుంటే తీగలను వదిలేయడం మంచిది.

రీస్టార్ట్‌కు ముందు

ఈ లోపానికి సాధారణంగా జరిగే మొదటి వైద్యం రీస్టార్ట్. స్విచ్ ప్లగ్గు పీకి పెడతారు, సర్వర్ ఆపి వేస్తారు, పని మొదలవుతుంది. పనివేళల్లో జనం ఎదురుచూస్తుంటే అలా చేయడం అర్థం చేసుకోదగిందే. కానీ ఆ ఒక్క చర్యతో స్విచ్‌లోని లెక్కలు సున్నా అవుతాయి, కంప్యూటర్లు గుర్తుపెట్టుకున్న చిరునామాల పట్టిక చెరిగిపోతుంది, సాక్ష్యం మాయమవుతుంది. మూడు రోజులకు అదే లోపం మళ్లీ వస్తుంది, విచారణ మళ్లీ మొదటి నుంచీ. రీస్టార్ట్‌కు ముందు రెండు నిమిషాలు ఆగి కొన్ని సంగతులు రాసుకోవడం కన్నా విలువైన పని ఈ మొత్తం వ్యవహారంలో లేదు.

ఏం రాయాలి? తేదీ, నిమిషంతో సహా సమయం, ఎవరెవరికి తెగింది, ఆ క్షణంలో వాళ్లేం చేస్తున్నారు, తెర మీద వచ్చిన మెసేజ్ ఉన్నదున్నట్టు. మెసేజ్‌ను ఫోన్‌తో ఫొటో తీస్తే ఇంకా మంచిది. "ఏదో ఎర్రర్ వచ్చిందండీ, ఓకే కొట్టేశాను" అన్నది అందరూ చెప్పే మాట. ఆ ఓకేతో పోయిన మెసేజ్‌లోనే జవాబు ఉండి ఉండొచ్చు. నెట్‌వర్క్ ప్లగ్గు దగ్గరి చిన్న లైటు వెలుగుతోందా, ఆరిందా అన్నది కూడా రాయాలి. ఆ లైటు ఆరితే తప్పు తీగలోనో కార్డులోనో స్విచ్‌లోనో ఉన్నట్టే. వెలుగుతూ ఉండగానే పని ఆగితే చూపు ఇంకా పైకి పోవాలి.

మనిషి లేనప్పుడు కాపలా కాయడానికి పింగ్ ఉంది. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో మైక్ మూస్ 1983 డిసెంబరులో దీన్ని రాశాడు. తమ నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే కారణం వెతకడానికే రాశాడు, కాబట్టి ఇప్పటి మన పనికీ దాని పుట్టుకకూ సంబంధం సూటిగానే ఉంది. ఒక చిన్న పొట్లాన్ని పంపి, తిరిగి రావడానికి ఎంత సమయం పట్టిందో చెప్పడమే దాని పని. సబ్‌మెరైన్ల సోనార్ చేసే శబ్దం నుంచి ఆ పేరు తీసుకున్నాడు.

ఇబ్బంది పడుతున్న కంప్యూటర్‌లో ఒకేసారి మూడు పింగ్‌లు ఆగకుండా నడపాలి. ఒకటి రౌటర్‌కు, ఒకటి సర్వర్ ఐపీ నంబరుకు, ఒకటి సర్వర్ పేరుకు. పేరుకు చేసేదాన్ని ప్రతిసారీ కొత్తగా మొదలయ్యేలా పెట్టాలి, ఎందుకంటే పింగ్ పేరును మొదట్లో ఒక్కసారే వెతుక్కుని తర్వాత నంబరుతోనే నడుస్తుంది. మూడూ ఒకేసారి ఆగితే తప్పు ఆ కంప్యూటర్‌దో దాని తీగదో స్విచ్‌దో. రౌటర్ పలికి సర్వర్ పలకకపోతే సర్వర్ వైపు. నంబరుకు పలికి పేరుకు పలకకపోతే, పేరును నంబరుగా మార్చి చెప్పే డీఎన్ఎస్. మూడూ పలుకుతుండగా ప్రోగ్రామ్ బిగుసుకుపోతే సర్వర్ లోపలి సంగతి. విండోస్ పింగ్ తన జవాబుల పక్కన సమయం వేయదు. అందుకని ప్రతి వరుసకూ సమయం జోడించి ఫైల్లోకి రాసే నాలుగు వరుసల స్క్రిప్ట్ పెట్టుకోవాలి. అన్ని కంప్యూటర్ల గడియారాలూ ఒకే సమయం చూపాలి. లేకపోతే ఒక మెషీన్ లాగ్‌ను మరోదానితో పోల్చి చూడలేం.

రెండు మూడు సెకన్లు: తీగ, ప్లగ్గు

పింగ్ లాగ్‌లో అప్పుడప్పుడు రెండు నుంచి ఐదు సెకన్ల ఖాళీ కనిపిస్తే అది ఎక్కువగా లింకు పడి లేచిన గుర్తు. ఈథర్‌నెట్ లింకు ఒకసారి తెగితే రెండు వైపులా మళ్లీ మాట్లాడుకుని వేగం ఖాయం చేసుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆ కొద్ది సెకన్లకే అకౌంట్స్ ప్రోగ్రామ్ ఎందుకు మూసుకుపోతుందన్న ప్రశ్న న్యాయమైనది. నెట్‌వర్క్ రద్దీ వల్ల మూడు సెకన్లు ఆలస్యమైతే, పొట్లాలు చేరేలా చూసే టీసీపీ ఓపిగ్గా మళ్లీ పంపుతుంది, వాడేవాళ్లకు కాస్త నిదానంగా అనిపిస్తుందంతే. లింకే పడిపోతే మాత్రం విండోస్ ఆ కార్డు మీది ఐపీ చిరునామాను పక్కన పెట్టేస్తుంది, దాని మీద నడుస్తున్న కనెక్షన్లు తెగిపోతాయి. సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో డేటా ఫైళ్లను తెరిచి ఉంచుకుని పనిచేసే ట్యాలీ లాంటి ప్రోగ్రాములకు ఇది దెబ్బ.

ఒక పాత ప్యాచ్ కార్డ్ కొసను అరచేతిలో పెట్టుకుని చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్ ప్లగ్గు, లోపల ఎనిమిది సన్న తీగలు, ముందువైపు ఎనిమిది బంగారు పూత పిన్నులు, పైన స్ప్రింగులా వంగే చిన్న లాక్. పోర్టులో పెట్టినప్పుడు "టిక్" మని శబ్దం వచ్చేది ఈ లాక్ వల్లే. అది విరిగిన ప్లగ్గు కూడా పోర్టులో కూర్చుంటుంది, లైటు వెలుగుతుంది, పని జరుగుతుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా, కుర్చీ వెనక్కి జరిగినా అర మిల్లీమీటరు జారుతుంది, లింకు పడి లేస్తుంది. ప్లగ్గు వెనకభాగం చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కేబుల్ పై తొడుగు ప్లగ్గు లోపలికి వెళ్లి, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ నొక్కు కింద ఉండాలి. తొడుగు బయటే ఆగిపోయి రంగు తీగలు బయటికి కనిపిస్తుంటే, కేబుల్ బరువంతా ఆ సన్న తీగల మీదే పడుతోందన్నమాట. అలాంటి ప్లగ్గును కోసేసి మళ్లీ క్రింప్ చేయడం ఐదు నిమిషాల పని.

తీగల వరుస తప్పడం ఇంకా లోతైన చిక్కు. టీ568బీ వరుసలో తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ అని రావాలి. ఆకుపచ్చ జంట విడిపోయి మూడు, ఆరు స్థానాల్లో కూర్చోవడం కొత్తవాళ్లకు వింతగా అనిపిస్తుంది. జంటలన్నీ పక్కపక్కనే పెడితే చక్కగా ఉంటుందని రెండు కొసలా అలాగే క్రింప్ చేసేవాళ్లున్నారు. లైట్లు వెలిగే చవక టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా వెలుగుతాయి, కేబుల్ పాసైనట్టే. కానీ సిగ్నల్ మూడు, ఆరు పిన్నులను ఒక జంటగా వాడుకుంటుంది. అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు జంటల తీగలు, వాటి మధ్య మెలిక లేదు. మెలిక లేని చోట పక్క జంట గొడవ ఇందులోకి చొరబడుతుంది. పొట్టి కేబుల్ మీద అది బయటపడదు, ముప్ఫై నలభై మీటర్లయ్యేసరికి తప్పులు మొదలవుతాయి. ఎనిమిది లైట్లూ వెలిగాయి కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు.

100 మెగాబిట్ల వేగానికి రెండు జంటలు చాలు. 1999 నాటి ప్రమాణంతో రాగి తీగల మీదికి వచ్చిన గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలి. పాత ఆఫీసుల్లో ఒకే కేబుల్‌ను రెండుగా చీల్చి రెండు కంప్యూటర్లకు ఇచ్చిన సందర్భాలున్నాయి. అలాంటి చోట కొత్త గిగాబిట్ స్విచ్ పెడితే, వేగం గురించిన బేరం మొదటి రెండు జంటల మీదే జరుగుతుంది కాబట్టి ఇద్దరూ గిగాబిట్‌కు ఒప్పుకుంటారు. తీరా నడపబోతే మిగతా జంటలు లేవు, లింకు పడిపోతుంది. కొన్ని కార్డులు తెలివిగా 100కు దిగుతాయి, కొన్ని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ పడుతూ లేస్తూ ఉంటాయి. "కొత్త స్విచ్ పెట్టాకే మొదలైంది" అన్న ఫిర్యాదు వెనక ఇలా పాత తీగ ఉండొచ్చు.

మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడల్లో పోయే భాగం 90 మీటర్లు, రెండు వైపులా ప్యాచ్ కార్డులకు మిగతా 10 మీటర్లు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి పేరుతో అమ్మడం మార్కెట్లో ఉన్నదే. అది వంచితే త్వరగా విరుగుతుంది, నిరోధం ఎక్కువ. ధరలో మిగిలేది కొన్ని వందల రూపాయలు, తర్వాత పోయే పనిగంటలతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. కరెంటు వైర్లతో ఒకే కేసింగ్ పట్టీలో నడిపిన కేబుళ్లనూ, ఎలుకలు తిరిగే ఫాల్స్ సీలింగ్‌ పైన పరిచినవాటినీ కళ్లతో చూసి రావాలి.

లింకు పడకుండానే తప్పులు జరిగే సందర్భమూ ఉంది. ప్రతి ఈథర్‌నెట్ పొట్లం చివర 32 బిట్ల తనిఖీ అంకె ఉంటుంది. అది సరిపోని పొట్లాన్ని అందుకున్న పరికరం చప్పుడు చేయకుండా పారేస్తుంది. పొడవైన పొట్లాలు తప్పుకు దొరికే అవకాశం ఎక్కువ. విండోస్ పింగ్ మామూలుగా పంపేది 32 బైట్లే కాబట్టి అది హాయిగా వెళ్లివస్తుంది, ఫైలు కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంది. పింగ్ సైజును 1472 బైట్లకు పెంచితే హెడర్లతో కలిపి 1500 అవుతుంది, అంటే నిండు పొట్లం. అప్పుడు నూటికి రెండో మూడో పోతుంటే తీగ దొంగ దొరికినట్టే. డ్యూప్లెక్స్ తేడా, అంటే ఒక వైపు ఒకేసారి పంపుతూ అందుకుంటూ (ఫుల్), మరో వైపు వంతులవారీగా (హాఫ్) నడవడం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది. స్విచ్ పోర్టును చేత్తో ఫుల్ డ్యూప్లెక్స్‌కు బిగించి కంప్యూటర్‌ను ఆటోలో వదిలితే, కంప్యూటర్‌కు అవతలి నుంచి బేరం వినపడక హాఫ్ డ్యూప్లెక్స్ అనుకుంటుంది. పని తక్కువున్నంతసేపూ బాగుంటుంది, రద్దీ పెరిగితే కూలుతుంది. రెండు వైపులా ఆటో పెట్టడమే మందు.

అర నిమిషం: స్విచ్‌లు, లూపులు

తెగుడు ప్రతిసారీ ముప్ఫై సెకన్ల దగ్గర తూగుతుంటే స్పానింగ్ ట్రీని గుర్తుచేసుకోవాలి. ఈథర్‌నెట్ పొట్లానికి ఆయుష్షు అంటూ లేదు. రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున రెండు దారులు ఏర్పడితే అందరికీ పోయే బ్రాడ్‌కాస్ట్ పొట్లాలు చుట్టూ తిరుగుతూ, ప్రతి చుట్టులో పెరుగుతూ నెట్‌వర్క్‌ను ముంచేస్తాయి. దీన్ని ఆపడానికి రేడియా పెర్ల్‌మన్ 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని అదనపు దారిని మూసేస్తాయి. పాత పద్ధతిలో ఒక పోర్టు కొత్తగా లేచినప్పుడు వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు ఆగుతుంది. ఆ అర నిమిషమూ లైటు వెలుగుతుంది, డేటా కదలదు. కేబుల్ లోపంతో రెండు సెకన్లు పడి లేచే లింకు కూడా అలాంటి స్విచ్ మీద ముప్ఫై సెకన్ల తెగుడుగా కనిపిస్తుంది. 2001లో వచ్చిన ర్యాపిడ్ రకాన్ని వాడి, కంప్యూటర్లు తగిలించే పోర్టులకు ఈ నిరీక్షణ లేకుండా చేస్తే అర నిమిషం మళ్లీ రెండు సెకన్లవుతుంది.

ఈ పద్ధతి తన హద్దు దాటితే ఏమవుతుందో 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్‌లో కనిపించింది. బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి స్విచ్‌కు స్విచ్ జోడిస్తూ పెరిగి, స్పానింగ్ ట్రీ తట్టుకోగల లోతును మించిపోయింది. రద్దీ పెరిగిన ఒక రోజున లూపులు పడి మొత్తం కుదేలైంది. లేస్తూ పడుతూ ఉండే నెట్‌వర్క్‌ను నమ్మడం కన్నా ప్రమాదం లేదని ఆస్పత్రి కాగితాల మీదికి మారి, దాదాపు నాలుగు రోజులు అలాగే నడిచింది. అక్కడి సమాచార విభాగం అధిపతి జాన్ హలమ్కా ఏం జరిగిందో దాచకుండా బయటి ప్రపంచానికి చెప్పారు. ఈ రంగంలో అలాంటి నిజాయితీ వల్ల ఎంతోమంది నేర్చుకున్నారు.

చిన్న ఆఫీసులో స్పానింగ్ ట్రీయే ఉండదు. అక్కడ వాడేవి సెట్టింగులేవీ లేని చవక స్విచ్‌లు. బల్ల కింద వేలాడుతున్న కేబుల్ కొసను చూసి ఎవరో పాపం ఊడిపోయిందనుకుని, దాని రెండో కొస ఉన్న స్విచ్‌లోనే ఖాళీగా ఉన్న పోర్టులో పెడతారు. స్విచ్ లైట్లన్నీ ఒకే లయలో ఊపిరాడనట్టు కొట్టుకోవడం దీనికి గుర్తు. ఒక్కొక్క కేబులే తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు లైట్లు శాంతిస్తాయో అదే లూపు.

చిరునామా తగాదాలు

సర్వర్ ఐపీ 192.168.1.10 అనుకుందాం. కొత్తగా బిగించిన అటెండెన్స్ మెషీన్‌కో ప్రింటర్‌కో అదే నంబరు ఇచ్చారు. ఇప్పుడు "192.168.1.10 ఎవరు?" అని ఏ కంప్యూటర్ అడిగినా ఇద్దరు జవాబిస్తారు. ఈ అడగడానికి వాడే ఏఆర్‌పీ పద్ధతి 1982 నాటిది. అందులో ఎవరినైనా నమ్మేయడమే తప్ప నిజానిజాలు చూసుకోవడం లేదు. ఎవరి జవాబు చేరితే ఆ చిరునామాను కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. విండోస్ ఆ జ్ఞాపకాన్ని 15 నుంచి 45 సెకన్ల తర్వాత మళ్లీ సరిచూసుకుంటుంది. అందువల్ల ఒకరికి సర్వర్ దొరుకుతుంది, పక్కవాళ్లకు దొరకదు, నిమిషం తర్వాత తారుమారవుతుంది. ఇంత గజిబిజిగా, ఏ లెక్కకూ అందకుండా తెగుతుంటే నేనైతే మొదట ఈ వైపే చూస్తాను. తెగినప్పుడు ఒకసారి, బాగున్నప్పుడు ఒకసారి ఏఆర్‌పీ పట్టిక తీసి సర్వర్ నంబరుకు ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత చిరునామా) పోల్చి చూస్తే చాలు. రెండూ వేరైతే నేరం రుజువైనట్టే. విండోస్ సిస్టమ్ లాగ్‌లో 4199 నంబరుతో పడే వరుస కూడా ఈ తగాదానే చెబుతుంది.

ఐపీ నంబర్లు పంచే డీహెచ్‌సీపీ రెండు చోట్ల నడిస్తే ఇంకో రకం చిక్కు. వైఫై కోసం ఎవరో ఇంట్లో వాడే రౌటర్ తెచ్చి ఆఫీసు స్విచ్‌కు తగిలిస్తారు. అదీ నంబర్లు పంచడం మొదలుపెడుతుంది. పొద్దున్నే ఏ కంప్యూటర్‌కు ఏ రౌటర్ ముందు పలికితే ఆ వరుస నంబరు వస్తుంది. తప్పు వరుసలో పడినవాళ్లకు సర్వర్ కనిపించదు, మళ్లీ స్టార్ట్ చేస్తే కనిపించవచ్చు. నంబరు గడువులో సగం గడిచాక కంప్యూటర్ దాన్ని పొడిగించుకుంటుంది. విండోస్ సర్వర్‌లో గడువు మామూలుగా 8 రోజులు, అంటే నాలుగో రోజున. తెగుళ్ల మధ్య దూరం ఈ లెక్కతో కలిస్తే గమనించాలి. 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే, పంచేవాడెవరూ పలకక కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న నంబరు అది. సర్వర్, ప్రింటర్, కెమెరా డీవీఆర్, అటెండెన్స్ మెషీన్ నంబర్లను ఒక కాగితం మీద రాసి స్విచ్ పక్కన అతికించిన ఆఫీసులో ఈ రెండు లోపాలూ అరుదు.

పేరు దొరకని సర్వర్

లాగిన్లన్నీ ఒక సర్వరే చూసుకునే డొమైన్ పద్ధతిలో నడిచే ఆఫీసుల్లో కంప్యూటర్లు సర్వర్‌ను పేరుతో వెతుక్కుంటాయి. ఆ పేరు తెలిసింది లోపలి డీఎన్ఎస్ సర్వర్‌కే. ఇంటర్నెట్ ఆగకూడదని రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వారి 8.8.8.8 పెట్టడం చాలామందికి అలవాటు. ఉద్దేశం మంచిదే, ఫలితం చెడ్డది. లోపలి సర్వర్ ఒక్క క్షణం ఆలస్యంగా పలికితే విండోస్ రెండోవాడిని అడుగుతుంది. ఆఫీసు సర్వర్ పేరు గూగుల్‌కు తెలిసే దారి లేదు. "అలాంటి పేరు లేదు" అని గట్టిగా చెబుతుంది. అదీ జవాబే కాబట్టి కంప్యూటర్ నమ్ముతుంది, కాసేపు గుర్తు కూడా పెట్టుకుంటుంది. ఆ కాసేపూ సర్వర్ మాయం. ఆఫీసు కంప్యూటర్లకు లోపలి డీఎన్ఎస్ మాత్రమే ఇచ్చి, బయటి పేర్ల కోసం ఆ సర్వరే బయటికి అడిగేలా పెట్టాలి. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులుండి, వాడని కార్డు నంబరు కూడా డీఎన్ఎస్‌లో నమోదైతే, వాడే నంబరు ఒకసారి, వాడనిది ఒకసారి ముందుకొచ్చి ఇలాంటి దొంగాటే ఆడుతుంది.

లాగిన్లు మాత్రమే అప్పుడప్పుడు తిరగబడుతుంటే గడియారం చూడాలి. డొమైన్‌లో కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య తేడా 5 నిమిషాలు దాటితే, లాగిన్‌ను సరిచూసే కెర్బరోస్ లోపలికి రానివ్వదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే గడియారం అలా తప్పుతుంది.

పావుగంట, ఇరవై మంది

విండోస్ ఫైల్ షేరింగ్‌లో 15 నిమిషాలు కదలిక లేకపోతే సర్వర్ ఆ సెషన్‌ను మూసేయడం ఉన్న పద్ధతే. టీ తాగి వచ్చేసరికి డ్రైవ్ మీద ఎర్ర గుర్తు కనిపిస్తుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ తెరుచుకుంటుంది. ఇది జబ్బు కాదు. తెరిచిన డేటా ఫైలుతో పనిచేసే కొన్ని పాత ప్రోగ్రాములు మాత్రం దీన్ని తట్టుకోలేవు. అలాంటి చోట సర్వర్‌లో ఆ గడువును తీసేయవచ్చు.

చిన్న ఆఫీసుల్లో "సర్వర్" అని పిలిచేది నిజానికి విండోస్ 10 వేసిన మామూలు డెస్క్‌టాప్ కావచ్చు. దానికి ఒకేసారి 20 కన్నా ఎక్కువ కంప్యూటర్లు తగులుకోలేవు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ కాలంలో ఆ హద్దు 10. ఉద్యోగులందరూ రాని రోజు అంతా బాగుంటుంది, నెలాఖరులో అందరూ కూర్చుంటే చివరికొచ్చినవాళ్లకు ఎర్రర్ 71 వస్తుంది, ఒకరు మూసేస్తే ఇంకొకరికి తెరుచుకుంటుంది. తీగలు మార్చి, స్విచ్ మార్చి డబ్బు తగలేసుకున్నాక ఈ సంగతి తెలిసిన ఆఫీసులున్నాయి. ఆ డెస్క్‌టాప్ నిద్రలోకి జారుకోవడం, కరెంటు ఆదా పేరుతో విండోస్ నెట్‌వర్క్ కార్డును ఆపేయడం కూడా ఇక్కడే చూసుకోవాల్సినవి. డివైస్ మేనేజర్‌లో కార్డును ఆపేయడానికి విండోస్‌ను అనుమతించే టిక్ మార్కు తీసేయాలి.

గడియారం పట్టి వచ్చేవి

రోజూ ఒకే వేళకు తెగితే కంప్యూటర్లను వదిలి ఆ వేళకు భవనంలో ఏం జరుగుతుందో చూడాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు వైఫై మీద ఉన్నవాళ్లకే తెగుతోందంటే, క్యాంటీన్‌లో మైక్రోవేవ్ ఓవెన్‌లో టిఫిన్ డబ్బాలు వేడెక్కుతున్నాయేమో. అది వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దారిలోనే ఉన్నాయి. 11 గంటలకు అందరికీ నిదానిస్తే బ్యాకప్ నడుస్తుండొచ్చు. 100 మెగాబిట్ల లింకు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి మోయలేదు. పది గిగాబైట్ల కాపీ మొదలైతే కనీసం పదమూడు నిమిషాలు ఆ దారి దానిదే. నీళ్ల మోటారు, లిఫ్టు నడిచినప్పుడు వోల్టేజీ కుంగి, యూపీఎస్ మీద లేని స్విచ్ రీస్టార్ట్ అవుతుంది. సర్వర్‌ను యూపీఎస్ మీద పెట్టి, స్విచ్‌ను మామూలు ప్లగ్గులో వదిలేయడం తరచుగా కనిపించే పొరపాటు.

ఇక వేడి. చిన్న స్విచ్‌ల డబ్బా మీద పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో బయటే 45 దాటుతుంది. ఏసీ సాయంత్రం కట్టేసి, స్విచ్‌ను గాలాడని చెక్కపెట్టెలో అటక మీద బిగిస్తే లోపల ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పట్టు తప్పి, రాత్రికి చల్లబడి, పొద్దున్నే బుద్ధిగా పనిచేసే స్విచ్ చెడిపోయినట్టు ఎవరికీ అనిపించదు. పెట్టె తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే తెగుళ్లు ఆగాయంటే సంగతి తేలిపోయినట్టే. అడాప్టర్ లోపలి కెపాసిటర్లు ఉబ్బినా లక్షణాలు ఇవే. రెండు భవనాల మధ్య బయట వేలాడదీసిన రాగి కేబుల్ వానాకాలం ఉరుములప్పుడు పోర్టులను కాల్చేస్తుంది. అలాంటి చోట ఫైబర్ వేయాలి.

పింగ్ పలుకుతుంది, పని జరగదు

సర్వర్ హార్డ్‌డిస్క్‌లో ఒక చోటు పాడైతే, అది చదవడానికి డిస్క్ పదేపదే ప్రయత్నిస్తూ సెకన్ల తరబడి ఆగిపోతుంది. ఆ సేపూ పింగ్ చక్కగా పలుకుతుంది, ఎందుకంటే దానికి డిస్క్‌తో పని లేదు. వాడేవాళ్లకు అది నెట్‌వర్క్ తెగినట్టే ఉంటుంది. ఒక ఫోల్డర్ తెరిచినప్పుడో ఒక కంపెనీ ఖాతా తెరిచినప్పుడో మాత్రమే ఇలా అయితే ముందు బ్యాకప్ తీసి, తర్వాతే మిగతా పరీక్షలు చేయాలి. ఈ ఒక్క లోపంలో ఆలస్యం డేటాను పోగొడుతుంది.

ఎంతకీ తేలనప్పుడు పొట్లాలను పట్టి చూడాలి. జెరాల్డ్ కోంబ్స్ 1998లో ఇథీరియల్ పేరుతో మొదలుపెట్టి, 2006 నుంచి వైర్‌షార్క్‌గా నడుస్తున్న ఉచిత ప్రోగ్రామ్ దీనికి పనికొస్తుంది. తెగిన క్షణంలో ఒకే పొట్లం మళ్లీ మళ్లీ పోతూ జవాబు రాకపోతే దారిలో తప్పు. అవతలి నుంచి రీసెట్ వస్తే ఎవరో కావాలని మూశారు: సర్వర్ కావచ్చు, మధ్యలోని ఫైర్‌వాల్ కావచ్చు, యాంటీవైరస్ కావచ్చు.

మార్చి చూడడం, ఆగి చూడడం

అనుమానం ఒక పరికరం మీదికి చేరాక, కొత్తది కొనకముందు ఉన్నవాటిని తారుమారు చేయాలి. తెగే కంప్యూటర్ కేబుల్‌ను తెగని కంప్యూటర్ పోర్టులోకి మార్చి, దాన్ని ఇక్కడికి తేవాలి. లోపం కేబుల్ వెంట నడిచిందా, పోర్టు దగ్గరే ఉండిపోయిందా, కంప్యూటర్‌ను పట్టుకుని వదలలేదా? ఒకసారికి ఒక్కటే మార్చాలి. కంగారులో కేబుల్, స్విచ్, డ్రైవర్ ఒకే సాయంత్రం మార్చేస్తే, లోపం పోయినా దేని వల్ల పోయిందో తెలియదు. మళ్లీ వస్తే చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

బాగైందని ఎప్పుడు చెప్పాలి? వేళాపాళా లేకుండా, సగటున మూడు రోజులకోసారి వచ్చే తెగుడు నాలుగు రోజులు రాలేదంటే ఏమీ రుజువు కాలేదు. అది యాదృచ్ఛికంగా కూడా జరుగుతుంది. సగటు వ్యవధికి మూడు రెట్లు, అంటే తొమ్మిది రోజులు, ఒక్కసారీ రాకపోతే, అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం నూటికి ఐదుకు పడిపోతుంది. అందాకా పింగ్ లాగ్ నడుస్తూనే ఉండాలి, తెగిన వేళలు రాసుకునే కాగితం కీబోర్డు పక్కనే ఉండాలి. మార్చిన తేదీ, మార్చిన వస్తువు ఆ కాగితం మీదే రాసిపెట్టాలి. తీసేసిన కేబుల్‌ను రెండు కొసలా ప్లగ్గులు కోసి పారేయాలి. లేకపోతే అది సొరుగులో చేరి, ఆర్నెల్లకు కొత్తగా చేరిన ఉద్యోగి కంప్యూటర్ వెనక మళ్లీ కనిపిస్తుంది.